బువ్వ పేజీ

సిరొంచల మిషను బంగళా సామాను వేలమైనప్పుడు
కొండగొర్ల లస్మయ్య సారు ఒక టేబులు కొన్నడు.
దాని కుంటికాలు కింద ఎత్తుకు పెట్టిన పుస్తకం
ఊరికెనే వచ్చింది.

పేరున్న పేజీ చెదలు తిన్నది.
రాసినామె ఎవరో తెల్వదు.
ముందుమాట సగం మిగిలింది:
అమెరికాల ఏదో రేవు ఊరు, నూటయాభై ఏండ్ల కిందట.
తండ్రి చెప్పులు కుట్టేటోడు, అప్పులు మిగిల్చి పోయిండు.
నలుగురు చెల్లెండ్లు. పెండ్లి లేదు.
పగలు టోపీలకు రిబ్బన్లు కుట్టుడు,
రాత్రి పిల్లల కథలు, పేజీకి ఇంత అని.
కొవ్వొత్తి ఖర్చు ఆమెదే.

మా బడి మరాఠీ. మా ఇండ్లు తెలుగు.
ఇంగ్లీషు అక్షరాల మీద వేలు జరుపుకుంట
సారు మా మాటల్లనే చెప్పేటోడు,
ఒక కన్ను తలుపు దిక్కు పెట్టి.
మంచు వచ్చిన కాడల్లా ఆగేటోడు.
చలికాలం పొద్దుగాల ప్రాణహిత మీద లేచే పొగ అసొంటిదా? కాదు.
పగిలిన బూరుగుకాయ? అదీ కాదు.
"తెల్లగుంటదిరా. పడేటప్పుడు చప్పుడు చెయ్యదు"
అని ముందుకు పోయేటోడు.

తప్పిపోయిన దూడ కోసం
చీకట్ల బయలెల్లిన పిల్ల కథ
ఎన్నిసార్లు చెప్పించుకున్నమో.
దూడ దొరికేది. పిల్ల దాని మెడ పట్టుకొని ఏడ్చేది.
ఇంకొక పేజీ ఉండంగనే సారు పుస్తకం మూసేటోడు.

మడావి జంగు ఒకనాడు అడిగిండు,
"ఆఖరి పేజీల ఏమున్నది సారూ?"

"పిల్లలు పెద్దల మాట వినాలె అని ఉన్నది.
అచ్చేసేటోడు రాయించుకున్నడు.
ఆ పేజీ పైసలతోని చెల్లెండ్లు బువ్వ తిన్నరు.
దూడ మాత్రం ఆమెదిరా."

గంతల్నే బయట ఇన్‌స్పెక్టరు జీపు.
పుస్తకం టేబులు కిందికి పోయింది.
సారు గొంతు మరాఠీలకు మారింది.
పెద్దల మాట వినాలె అని
అందరం కలిసి, గట్టిగ, మూడుసార్లు చదివినం.
సారు గోడ దిక్కు చూసుకుంట నిలబడ్డడు.

ఆ పుస్తకం ఇప్పుడు నా దగ్గర ఉన్నది.
చెదలు తిన్న చోట తెల్లకాగితం అతికి
మేం అప్పట్ల పిలుచుకున్న పేరే రాసిన: దూడవ్వ.
మా బడి పిల్లలకు చెప్తుంట.
మంచు కాడ నేనూ ఆగుత,
మా సారంత సేపు కాదు, ఇప్పుడు ఫోన్ల చూపిస్తే అయిపాయె.

మొన్న ఒక పోరడు ఆఖరి పేజీ చూసి
దీన్ని చింపేద్దామా టీచరమ్మా అన్నడు.
వద్దు బిడ్డా, ఉండనియ్యి.
అది బువ్వ పేజీ.