ఎర్ర మైనం

ఫమగుస్తా రేవులో, ఉప్పుచేపల కొట్టు పైన
రెండు గదుల్లో అద్దెకుంటోంది మోన్‌సాల్ సంస్థానం.
ఒక గదిలో కొలువు.
ఇంకోదాంట్లో దొరసాని మంచం, పైకప్పు కారే చోట కుండ.
కొలువులోనే ఉల్లిపాయలూ, నేనూ.
నేను లేఖరిని. పదకొండు నెలల జీతం బాకీ.

ఎషీవా దొరసాని మోన్‌సాల్‌ని ఎన్నడూ చూడలేదు.
కోట తలుపులు కాలుతున్న రాత్రి
వాళ్ళ అమ్మమ్మ నిండు కడుపుతో పడవెక్కింది.
నగలు ఒడ్డునే పోయాయి.
బిరుదు మాత్రం సముద్రం దాటింది,
ఓడలో ఎలుకలా, ఎవరూ పిలవకుండానే.

కోటకి మెట్లెన్నని అడగండి, నిద్రలో కూడా చెబుతుంది: నూటనాలుగు.
మా మెట్లు తొమ్మిది. ఏడోది విరిగింది.
రోజూ అక్కడే తూలుతుంది.

రొట్టెలవాడి అప్పు కింద ఒకసారి
వాడికో తేనెవాగు, రెండు మిట్టలు రాసిచ్చింది.
వాడు పత్రాన్ని పొయ్యి పక్క గోడకి అంటించుకున్నాడు.
అప్పు కొట్టెయ్యలేదు.

మొన్న ఉపవాసాల మూడో వారం
ఇద్దరు అన్నదమ్ములు వచ్చారు, బర్సౌమ్, తూమా.
అద్దకం పనివాళ్ళు, మోచేతుల దాకా నీలం.
నిజంగా మోన్‌సాల్‌లో పుట్టినవాళ్ళు!
తండ్రి నాటిన ఆలివ్ చెట్టు ఎవరిదని తగువు.
చెట్టు అక్కడే ఉంది. ఉంటే.
"వెనక్కి వెళ్తారా?" అన్నాను.
"వెళ్తే తలలుండవు" అన్నాడు పెద్దవాడు.

నాకు నవ్వొచ్చింది. ఆవిడకి రాలేదు.
ఉల్లిపాయల బుట్ట తీయించి కుర్చీలో కూర్చుంది.
పొద్దున్న నీడ ఎటు పడుతుంది?
కరువేడు నీళ్ళు మోసిందెవరు?
కాపు ఏ కొమ్మకి?
సాయంత్రం గంట కొట్టేదాకా అడుగుతూనే ఉంది,
తన ఊరి సంగతి తనే మొదటిసారి వింటున్నట్టు.
తూమా గొంతు పూడుకుపోతే
బర్సౌమ్ అందుకున్నాడు,
చెట్టు తొర్రలో చిన్నప్పుడు దాచిన గులకరాళ్ళ గురించి.

తీర్పు: కాపు తమ్ముడికి. నీడ అన్నకి.
"తొర్ర ఇద్దరిదీ" అంది కాసేపాగి.

ఇంట్లో ఉన్న ఎర్ర మైనం ఒక్కటే బిళ్ళ.
రోముకి పంపాల్సిన అర్జీ కోసం మూడేళ్ళుగా దాచింది.
దాన్నే కరిగించి ముద్ర వేసింది.

వాళ్ళు రుసుం కట్టారు, రెండు రాగి నాణేలు.
అరవై ఏళ్ళలో మోన్‌సాల్ నుంచి వచ్చిన మొదటి శిస్తు.
నా పద్దులో జమ పడుతుందనుకున్నాను.
నాణేనికంటిన నీలాన్ని బొటనవేలితో రుద్దింది. పోలేదు.

"వడ్రంగిని పిలు" అంది.
"ఏడో మెట్టు వేయించాలి.
మనవాళ్ళు వస్తూ పోతూ ఉంటారు."