పది నిమిషాలకోసారి

బల్లారాట్‌లో జూలై తెల్లవారుజాము.
కారు అద్దం మీది మంచుని
పాత లైబ్రరీ కార్డుతో గీకి బయల్దేరతాను.
ఆరూ నలభై అయిదుకి గది తలుపు తీస్తే
ముందుగా పలకరించేది వాసన:
పాలపొడి, ఉతికిన ఫ్లానెల్,
ఎంత తుడిచినా పోని నిన్నటి కక్కు.

నలుగురు పిల్లలకి ఒక మనిషి. ఇక్కడి చట్టం.

జోరావర్‌ని వాళ్ళ నాన్న
నిద్ర చెదరకుండా
తన చంకలోంచి నా చంకలోకి మారుస్తాడు,
నిండు గిన్నె అందించినట్టు.
బయట ట్రక్కు ఇంజను ఆపడు. టైము లేదు.
న్యాకిమ్ గుక్కపట్టిందంటే
పక్కగదిలో పెద్దపిల్లల ఆట ఆగిపోతుంది.
హామిష్‌కి పళ్ళొస్తున్నాయి,
నా భుజం మీద రోజుకో ముద్ర వేస్తున్నాడు.
ఓర్లా తల్లి గేటు దాకా వెళ్ళి మూడుసార్లు వెనక్కొస్తుంది.
ఒకసారి టోపీ ఇవ్వడానికి,
ఒకసారి ముద్దుకి,
మూడోసారి ఎందుకో ఆమెకే తెలియదు.
నిలబడి, తాళాలు చేతులు మార్చుకుని, వెళ్ళిపోతుంది.

పిల్లలు నిద్రపోయాక మొదలవుతుంది అసలు ఉద్యోగం.
పది నిమిషాలకోసారి ప్రతి తొట్టి దగ్గరా ఆగాలి.
పెదవుల రంగు, మెడ వంపు,
పొట్ట లేచి దిగడం చూసి
కాగితం మీద టైమూ పొడి అక్షరాలూ వేయాలి.
చూస్తే చాలంటుంది రూలు.
నేను చూపుడువేలు మడిచి
ముక్కు కింద పెడతాను.
చీమ నిట్టూర్చినంత గాలి, వెచ్చగా.
సరే. తరవాతి తొట్టి.

"నీ కళ్ళని నువ్వు నమ్మవా?" అంటుంది షెరిల్,
ముప్ఫై ఏళ్ళ నుంచీ ఈ గదిలోనే ఉన్న మనిషి.
నమ్ముతాను షెరిల్.
కానీ తెనాలిలో పదకొండేళ్ళు
బ్యాంకు కౌంటర్ వెనక కూర్చున్నదాన్ని.
తడి స్పాంజికి వేలద్ది
సీలేసిన కట్టని కూడా మళ్ళీ లెక్కపెట్టేదాన్ని.
పరాయి సొమ్ము కదా.
తక్కువొస్తే అప్పుడు జీతంలోంచి కట్టేవాళ్ళం.
ఇక్కడ ఒక్క ఊపిరి తక్కువొస్తే
ఎక్కణ్ణించి తెచ్చి కట్టను?

జోలపాటలు నాకు రావు.
గొంతు కూడా అంతంతమాత్రం.
పదమూడో ఎక్కం వచ్చు.
ఓర్లా వీపు మీద మెల్లిగా తడుతూ
పదమూడు ఒకట్ల పదమూడు,
పదమూడు రెళ్ళు ఇరవయ్యారు...
డెబ్బై ఎనిమిది దగ్గర కనురెప్పలు వాలిపోతాయి.
ఈ పిల్లతో ఇంతవరకు
తొంభై ఒకటి దాటలేదు.

మొన్న వాళ్ళమ్మ
కళ్ళకింద నల్లటి చారలతో వచ్చి అడిగింది:
"ఇంట్లో అస్సలు పడుకోదు.
నువ్వు పాడేది ఏం పాట?"
సిగ్గేసింది, లెక్కలని చెప్పడానికి.
చెప్పాను.
నవ్వలేదు. రాసిమ్మంది.
ఆ రోజు పాలూ నిద్రా నమోదు చేసిన కాగితం వెనక
ఇంగ్లీషు అక్షరాల్లో ఆరు వరసలు రాసిచ్చాను.
గేటు దగ్గర నిలబడి
"పడమూడు, పడమూడు" అనుకుంటూ వెళ్ళింది.
ఆ ఒక్కరోజూ వెనక్కి రాలేదు.

రాత్రి మా ఆయన గురక ఉన్నట్టుండి ఆగుతుంది.
ఠక్కున మెలకువ.
చీకట్లో చెయ్యి చాపి, వేలు మడిచి...
మీసం గుచ్చుకుంటుంది. వెచ్చగా.
"ఏంటే?" అంటాడు.
ఏం లేదు, పడుకో.
టైమెంతయిందో చూస్తాను.
ఎక్కడ రాయాలో తెలియక
చెయ్యి కాసేపు
దుప్పటి మీద వెతుక్కుంటుంది.