మూడు నీలాలకే

తాంపెరేలో కార్డుల కొట్టు, నేలమాళిగ.
మధ్యాహ్నం మూడింటికే బయట చీకటి.
మూడు నీలాలకే బల్లెక్కే మంచుకోర నాగం మీద
గంటన్నరగా తగువు.

“చంపితే లేస్తుంది, కట్టేస్తే తెంచుకుంటుంది.
ఇది మృగమా, వాతావరణమా?”
ఎన్సియో బల్ల చరిస్తే కాఫీ ఒలికింది.
“నిషేధించాల్సిందే.”
“ఓడినోడికి మొదట గుర్తొచ్చే మాట అదే” అన్నాడు రైమో,
తన నాలుగు నాగాల్నీ బొత్తి పెట్టుకుంటూ.

పదకొండేళ్ల పిన్యాకి ఉన్నది ఒక్కటే,
మూల నలిగింది.
ఎవరూ అడగలేదు, తనూ చెప్పలేదు:
నిన్న దాన్ని పడుకోబెట్టింది
తమ్ముడి కానీకి కొరగాని కప్ప.
అడుగున చీమతలంత అక్షరాల్లో ఉంది,
నీళ్లు తగిలితే నిద్రపోతుందని.

అరుపులు మళ్లీ మొదలు.
ఒలికిన కాఫీ
మెల్లగా రైమో బొత్తి వైపు పాకుతోంది.