పీకో చేయని అంచు

లాలాపేట నర్సరీలో మస్తాన్ రెండు యుక్కా కుండీలు చూపించాడు.
అచ్చ పచ్చది ఎనభై,
చారలది రెండు వందల యాభై.
"రంగు తక్కువున్నదానికి ధర ఎక్కువేంది?" అన్నాను.
"ఆ తక్కువకేనక్కా పైసలు."

చాలాసేపు నవ్వాను.
అతనికి అర్థం కాలేదు.
నోట్లు లెక్కపెడుతున్న నా తెల్లమచ్చల వేళ్లు చూశాక
అర్థమై, ఇరవై తగ్గిస్తానన్నాడు.
వద్దన్నాను.

ఆటోలో ఒళ్లో పెట్టుకుని వస్తుంటే
తార్నాక సిగ్నల్ దగ్గర బ్రేకు పడి
ఆకు మొన రవికె దాటి భుజంలో దిగింది.
ముప్ఫై ఏళ్లుగా సూదులతో బతుకుతున్నదాన్ని,
ఈ రకం పలకరింపు నాకు కొత్త కాదు.

వారాసిగూడలో మా ఇంటి ముందు
పైపు కోసం తవ్వి పూడ్చిన మూరెడు జాగా.
మొరం, ఇటుక ముక్కలు, ఎవరిదో విరిగిన గాజు.
అక్కడ గులాబీ నెల కూడా ఉండలేదు.
"దానికి గసొంటి జాగనే కావాలె.
మంచిగ చూసుకుంటివా, సచ్చిపోతది" అన్నాడు మస్తాన్.

అయినా చేతులు ఊరుకుంటాయా.
మంజీరా నీళ్లొచ్చిన రోజు మిగిలిన బిందె దానికే,
బియ్యం కడుగు దానికే.
శ్రావణంలో అడుగు ఆకులు
నానిన అట్టముక్కల్లా చేతికి ఊడి వచ్చాయి.
మొదట్లో వేలు పెడితే కుళ్లు వాసన.
తవ్వి తీసి, చెడినంత మేరా కోసి,
నాలుగు రోజులు మెషిన్ కింద పాత పేపర్ మీద ఆరబెట్టి
మళ్లీ ఆ మొరంలోనే గుచ్చాను.
ఇక నన్ను నీళ్లడగొద్దు అన్నాను.
అడగలేదు.

పొద్దున ఏడున్నరకి దాని మీద ఎండ పడుతుంది.
నేనూ అప్పుడే
బావంచాల నూనె రాసుకుని
మెట్టు మీద చేతులు చాపుకుని కూర్చుంటాను.
ఎండ తగిలితే రంగొస్తుందని నాకు చెప్పారు.
ఎండ తగలకపోతే చారలు మాసిపోతాయని దానికి.
ఇద్దరికీ ఒకటే ఎండ,
ఎదురింటి వాటర్ ట్యాంకు నీడ వచ్చేదాకా.

దగ్గరగా చూస్తే
వెన్నరంగు అంచుల నుంచి దారాలు లేచి ఉంటాయి,
వంకీలు తిరిగి, తెల్లగా,
పీకో చేయని చీర అంచులా.
అలవాటుకొద్దీ కత్తెర తీశాను.
తీసి, ఆగాను.
సూదీ తనదే, దారమూ తనదే.
ఏం కుట్టుకుంటుందో కుట్టుకోనీ.

టాక్స్ ఆఫీసు సులోచన మేడం
పదేళ్లుగా నా దగ్గరే కుట్టిస్తుంది.
కొలతలు మాత్రం ఇంట్లోనే తీసుకుని
చీటీ రాసి తెస్తుంది.
మొన్న గేటు దగ్గర ఆగిపోయింది.
"అబ్బ, ఆ తెలుపు ఎంత బాగుంది!
నాకో పిలక ఇవ్వవా?"

నాలుగో ఏడు పిలక వేసింది.
ఒక్క చార లేదు. నిండు పచ్చ.
"కోసెయ్యక్కా," ఫోన్లో మస్తాన్ గాభరా,
"బలమంతా పచ్చదానికే ఉంటది.
ఉంచితివా, చారలదాన్ని మింగేస్తది."

అదే వారం
నా ఎడమ బొటనవేలి మీద, గోరు పక్కన,
ఆవగింజంత చామనఛాయ తిరిగొచ్చింది.
నిలుస్తుందో పోతుందో.
దాన్ని చూస్తూ చాలాసేపు
కత్తి పట్టుకుని కూర్చున్నాను.

కోశాను.
పారేయడానికి మాత్రం మనసొప్పలేదు.
పెయింటు డబ్బాకి అడుగున చిల్లులు పొడిచి
దాంట్లో నాటాను.

"ఇది చారలది కాదుగా!" అంది సులోచన మేడం.
"దాని బిడ్డే. దీనికేం తక్కువ?"
డబ్బాని అటూ ఇటూ తిప్పి చూసి
సంచిలో పెట్టుకుంది.
చీటీ కోసం పర్సు తెరిచింది.

"చీటీ వద్దు మేడం," మెడలో టేపు తీస్తూ అన్నాను,
"ఒళ్లు మారింది మీకు. చేతులెత్తండి."

ఒక క్షణం చూసింది.
ఎత్తింది.

ముప్ఫై ఎనిమిది.
చంక దగ్గర కొంచెం వదులు.