గవరయ్య గొడుగు

బురుజుపేట సందులో, కొబ్బరికాయల కొట్టు పక్కన
గోనెపట్టా మీద కూర్చునేవాడు మా నాన్న.
విరిగిన పుల్లలు, తీగచుట్ట, నల్లదారం,
నోట్లో ఒక సూది.
సూది ఉన్నంతసేపూ మాట ఉండేది కాదు.
నేను పుల్లలు అందించేదాన్ని.

వానాకాలం మాకు పంట.
మార్గశిరంలో గొడుగెవరికి కావాలి?
గురువారం తెల్లారకముందే
పూర్ణా మార్కెట్ దాకా వరస.
అప్పుడు మా గోనెపట్టా నిండా జనం చెప్పులు,
జతకి రూపాయి.
కొత్త చంద్రహారం అమ్మవారి మెడకి తాకించి తెచ్చుకునే షావుకారు గారి భార్యా,
చేపలగంప దించి కొంగుతో చేతులు తుడుచుకెళ్ళిన పోలమ్మా
పసుపునీళ్ళు తొక్కి
ఒకే రంగు కాళ్ళతో తిరిగొచ్చేవారు.
మడమలు చూసి చెప్పులివ్వడం
ఆ నెల్లాళ్ళూ కుదిరేది కాదు.

లోపల ఎవరూ చెయ్యి పట్టి ఆపరు.
మన పాలు మనమే పోస్తాం,
మన పసుపు మనమే రాస్తాం.
మొదటిసారి నా అరచెయ్యి ఆనించినప్పుడు
రాయి కదా, చల్లగా ఉంటుందనుకున్నాను.
నా ముందు తాకినవాళ్ళ వేడి
ఇంకా దిగలేదు.

అమ్మకి ఎడమచెయ్యి మోచేతి దగ్గరే ఆగిపోయింది.
ఎందుకో తలా ఒకలా చెబుతారు.
నెత్తిన కప్పు లేదు, అదీ అంతే,
ఎన్ని నోళ్ళో అన్ని కథలు.
నాన్నకి కథలు పట్టేవి కావు.
ఆయనకి తెలిసింది ఒక్కటే:
వానొస్తే ఆ తల్లి తడుస్తుంది.

ఒక ఆషాఢంలో పసుపు గుడ్డ కొన్నాడు.
బాగుచెయ్యడమే తెలిసినవాడు
తొలిసారి ఒక గొడుగు మొదట్నించీ కట్టాడు.
పదహారు పుల్లలు, అంచుకి ఎర్ర పట్టీ.
జోరువానలో అది చంకన పెట్టుకుని, తను తడుస్తూ
గుళ్ళోకెళ్ళాడు. వెనకాలే నేను.

విప్పబోతుంటే పోలమ్మ పకపకా నవ్వింది.
"ఏటి గవరయ్యా, గంగని కన్నతల్లికి నీళ్ళ బయ్యమేటి?
నడిసంద్రంలో మావోళ్ళకి కప్పెక్కడుందిరా?
నువ్వు అడ్డెట్టేస్తే
ఆయమ్మకి ఆకాసం అగుపడద్దా?"

నాన్న నోట్లో ఆ వేళ సూది లేదు.
అయినా మాట రాలేదు.

అప్పుడే ఎవరో పిల్ల,
ఘోషాసుపత్రిలో కన్న గుంటణ్ణి తెచ్చి
అమ్మ పాదాల దగ్గర పడుకోబెట్టింది.
చినుకు తగిలి వాడు పిడికిళ్ళు బిగించి కేరుమన్నాడు.
గొడుగు దానంతటదే విచ్చుకుందని నేనంటాను.
కాదు, నా బొటనవేలే నొక్కిందని నాన్న.
అమ్మవారి మీద వాన వానలాగే పడింది.
పాదాల దగ్గర మాత్రం
మూరెడు చోటు పొడిగా మిగిలింది.

చాలా ఏళ్ళకి హుద్‌హుద్ వచ్చింది.
రేకులు కాకుల్లా లేచిపోయాయి.
మా పెంకులు ఏ వీధిలో పడ్డాయో,
ఏ నీళ్ళలో మునిగాయో.
గొడుగుల సంగతి అడక్కండి.
గాలి తగ్గాక, కరెంటు లేని ఊళ్ళో,
తడి మంచం మీద వెల్లకిలా పడుకుంటే
మా వంటింట్లో చుక్కలు.
"ఇన్నాళ్ళకి మనమూ ఆయమ్మింట్లో ఉన్నామే" అన్నాడు నాన్న.
కాసేపాగి,
"సలి మాత్రం బాగానే ఏస్తంది" అన్నాడు.

ఆ పసుపు గొడుగు ఆ బాలింత పట్టుకెళ్ళింది.
తిరిగివ్వలేదు. మేం అడగలేదు.
ఇప్పటికీ వానపడితే
వన్‌టౌన్ బస్టాపులో కుర్రాళ్ళ నెత్తిమీదకి చూస్తాను.
ఎర్ర అంచు ఈపాటికి వెలిసిపోయుంటుంది.
అయినా పోల్చుకోగలను:
ఒక పుల్ల మిగతావాటికంటే పొట్టి.
నాన్న చూశాడు, మార్చలేదు.
అది నేను అందించింది.