బుధవారం, ఆటోనగర్

బండి ఒకటే. అన్నదమ్ములు ఇద్దరు.
పెద్దవాడు జెకర్యా, శుక్రవారం పొద్దు వాలగానే
తాళంచెవి తమ్ముడి చేతిలో పెట్టి
కాళ్లు కడుక్కుంటాడు.
ఏడోది శనివారమేనట,
లెక్క ఎవరు మార్చారో చెప్పమంటాడు.
చిన్నవాడు ఆనందపాల్‌కి ఆదివారం.
సమాధి రాయి దొర్లిన తెల్లవారుజామును కాదని
ఇంకే రోజు మోకరించాలంటాడు.
ఆ మాట మీదే, మేనత్త ఆదరణ కూడికలో
చెరో బంతిలో కూర్చుని తిన్నారట.

బండి మాత్రం ఏడు రోజులూ
బస్టాండు నుంచి బెంజ్ సర్కిల్‌కి,
రామవరప్పాడు రింగుకి, మళ్లీ బస్టాండుకి.
ఫైనాన్సువాడికి అన్ని దినాలూ పరిశుద్ధమే.

నన్నడిగితే ఏం చెప్పను?
జుమ్మాకి గంట పోయొచ్చి
మళ్లీ ఇదే గ్రీజులో చేతులు పెట్టేవాణ్ణి.

మొన్న బుధవారం, వారధి దిగుతూనే ఇంజను పట్టేసింది.
ఇద్దరూ చెరో పక్కా నెట్టుకుంటూ వచ్చారు.
విప్పితే పిస్టన్ నల్లగా కాలి ఉంది,
ఆయిలు చుక్క లేదు.
ఎవడి వంతులో అయిపోయిందో
ఎవడూ అడగలేదు.
"ముందు చల్లారనివ్వండి" అన్నాను.

పాత టైరు మీద ఒకడు, జాకీ పెట్టె మీద ఒకడు.
చాలాసేపటికి చిన్నవాడు లేచి టీలు తెచ్చాడు.
పెద్దవాడు బన్ను తుంచి సగం ఇచ్చాడు.
షెడ్డు నీడ రోడ్డు మీదికి పోయింది.

"రింగులు దొరుకుతాయా భాయ్?"

నా వెనక డబ్బాలోనే ఉన్నాయి.
రేపటికిగానీ రావన్నాను.