మూడో కొటేషన్

కళింగపట్నం హైస్కూల్లో
ఎనిమిదో తరగతి గది నేల ఎంత నున్నగా ఉందో
నిన్నటిదాకా నేను చూళ్లేదు.
ఇరవై రెండేళ్లుగా దానిమీద నిలబడే
కాంతి పాఠం చెబుతున్నాను.

మందుల కంపెనీ ఇచ్చిన సొమ్ము,
మార్చి నెలాఖరులోగా ఖర్చు చూపాలి.
వెలుగుతో ఆడే నేల కొనాలట:
పైనుంచి బొమ్మలు పడతాయి,
పిల్లలు తొక్కితే కదుల్తాయి.
కమిటీలో నేను, డ్రిల్లు మేష్టారు శిమ్మన్న,
సంతకానికి మాత్రం వచ్చే సర్పంచి మరిది.

మొదటి కొటేషన్ హైదరాబాదుది.
అట్టమీద తెల్లటి గది, తెల్లటి పిల్లలు,
కిటికీ అన్నదే లేదు.
మాకు ఆరు కిటికీలు. రెండింటికి తలుపుల్లేవు.

రెండో దాంట్లో మూడొందల ఆటలు.
అన్నెందుకూ అన్నాడు శిమ్మన్న,
ముప్పై ఏళ్లుగా కబడ్డీ ఒక్కటే ఆడిస్తన్నాను,
ఇంకా అదే పూర్తిగా రాలేదు నాకు.
గ్యారంటీ కాగితం అడుగున చీమల్లాంటి అక్షరాలు:
తేమకూ ఉప్పుగాలికీ వర్తించదు.
అంటే మా ఫ్యాను రెక్కలకూ, బడిగంటకూ,
హెడ్‌మిష్ట్రెస్ గారి బీరువా తాళానికీ,
మొత్తంమీద మా ఊరికే వర్తించదు.

మూడోది విశాఖ నుంచి
మోటారుసైకిలు మీద, వీపు సంచిలో వచ్చింది.
కుర్రాడి పేరు ఫణీంద్ర.
నిచ్చెన అడిగాడు, పొడుగు వైరు అడిగాడు,
ఆఖర్న, మొహమాటంగా, చీకటి అడిగాడు.

పన్నెండున్నరకి, సముద్రం పక్కన,
చీకటెక్కణ్ణించి తేవడం?
వంట దాలమ్మ ఇంటికెళ్లి
చేపలెండేసుకునే బరకాలు మోసుకొచ్చింది.
"సాయంత్రానికి నాకిచ్చీయాల" అంది.
మేకులు కొట్టి ఆరు కిటికీలూ మూశాం.
గదినిండా చీకటి.
చీకటినిండా కవళ్ల వాసన.

అప్పుడు నేలమీదికి నీళ్లొచ్చాయి.
నీళ్లలో నారింజరంగు చేపలు,
మా రేవులో ఎప్పుడూ పడని రకం.
"తొక్కండి! ఒక్కోదానికి పది పాయింట్లు" అన్నాడు ఫణీంద్ర.

నలభై ముగ్గురూ గోడకి అంటుకుపోయారు,
కాలివేళ్లు ముడుచుకుని.
సెన్సరు పనిచెయ్యడం లేదేమోనని
అతను నిచ్చెనెక్కాడు, దిగాడు,
తనే ఒకదాన్ని తొక్కి చూపించాడు.
చప్పుడు. నక్షత్రాలు. పది.
"ఓలమ్మో" అందొక చిన్న గొంతు.
గనగళ్ల లోహిత ముందుకొచ్చి చెప్పింది:
"సేపని కాల్తో తొక్కరు సార్.
మా అయ్య సూస్తే తిడతాడు."

చెప్పి, గొంతుక్కూర్చుంది.
రెండు చేతులూ నీళ్లకిందికి పోనిచ్చినట్టు పోనిచ్చి
ఒక చేపని పైకెత్తింది.
నేలమీది వెలుగు ఆ పిల్ల అరచేతుల్లోకెక్కి
తోక ఆడించింది.
యంత్రం ఒక్క క్షణం తటపటాయించి
పదీ ఇచ్చింది.

ఇంకెవరాగుతారు?
మోకాళ్లమీద నలభై ముగ్గురు,
జబ్బలమీద చేపలు, జడల్లో చేపలు.
నడవలేని చోడిపల్లి చిట్టిబాబు
ఇవాళ ఎవరికన్నా పొట్టిగా లేడు.

ఉప్పు సంగతేమిటని అడిగాను.
నెలకోసారి వచ్చి తుడుస్తానన్నాడు.
రాసిస్తావా అంటే
అట్టవెనకే పెన్నుతో రాసి సంతకం పెట్టాడు.

రిజిస్టరులో "ఎంపికకు కారణం" అని ఒక గడి ఉంది.
ధర తక్కువ అని రాసీ అన్నాడు శిమ్మన్న.
తక్కువ కాదు, పదకొండు వేలు ఎక్కువ.
కాసేపు పెన్ను మూత కొరికి రాశాను:
చేతుల్ని కూడా లెక్కపెడుతుంది.

మూడున్నరకే దాలమ్మ వచ్చేసింది.
ఎండ తగ్గిపోతంది, నా బరకాలు, అంటూ
మొదటి మేకు తనే పీకింది.
అంత సముద్రపు వెలుతురూ ఒక్కసారి లోపల పడింది.
నీళ్లు లేవు. చేపలు లేవు.
మళ్లీ అదే నేల.

వరసలో నిలబడమంటే నిలబడి
పిల్లలు, ఒకరికి తెలీకుండా ఒకరు,
అరచేతులు వాసన చూసుకుంటున్నారు.